హెల్వి నొప్పికి అంకె

ఫిన్లాండులో మారుమూల మా కల్లియోయార్వి ఊళ్లో ఎవరినైనా "ఎలా ఉన్నావు?" అని అడిగితే వెంటనే జవాబు రాదు. వీడికి నాతో ఏం పని పడిందా అని అవతలి మనిషి కాసేపు అనుమానంగా చూస్తాడు. తర్వాత "ఏముంది, మామూలే" అంటాడు. ఇల్లు కాలిపోయినవాడూ మామూలే అంటాడు, కూతురి పెళ్లి చేసినవాడూ మామూలే అంటాడు. బయటివాళ్లు దీన్ని నిబ్బరం అని మెచ్చుకుంటారు. దగ్గరుండి చూసినవాళ్లకి మాత్రం ఒక్కోసారి ఒళ్లు మండుతుంది. హెల్వి హౌతాల సంగతి తెలిసినవాళ్లకి ఇంకాస్త ఎక్కువ మండుతుంది.

ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, హెల్వికి యాభై ఆరేళ్లు. ఊరి గ్రంథాలయంలో సగం పూట ఉద్యోగం, ఒంటరి కాపురం. ఏడో ఏట పోలియో వచ్చి ఎడమకాలు పూర్తిగా, కుడికాలు సగం చచ్చుబడ్డాయి. అప్పటి నుంచి రెండు చంకకర్రల మీదే నడక. నలభై తొమ్మిదేళ్లుగా ఆమె ఒంటి బరువంతా మోస్తున్నవి భుజాలే.

ఆ జబ్బు ఊళ్ల మీద పడ్డ ఏడాది పట్నం ఆసుపత్రిలో పిల్లల్ని వరసగా మంచాల మీద పడుకోబెట్టారు. అమ్మానాన్నల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆదివారాల్లో వాళ్లు పెరట్లోకి వచ్చి కిటికీ అద్దానికి అవతల నిలబడేవాళ్లు. ఎవరైనా ఏడుపు మొదలుపెడితే మిగతా పిల్లలు కూడా అందుకుంటారని, నర్సు వచ్చి ఆ మంచం చుట్టూ తెర లాగేసేది. తెర పడితే కిటికీ కనపడదు. హెల్వి రెండో ఆదివారానికే కిటుకు పట్టేసింది: ఏడవని పిల్లకి అమ్మ కనిపిస్తుంది. పక్క మంచంలో కలెర్వో అని ఎనిమిదేళ్లవాడు, మా ఊరివాడే. అతను మొదటి ఆదివారమే నేర్చేసుకున్నాడట. ఆ గొప్ప ఇప్పటికీ చెప్పుకుంటాడు.

పెద్దయ్యాక హెల్వి ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పన్నెండేళ్లు పనిచేసింది. కూర్చుని చేసే పని, గొంతు బాగుంటే చాలు. ఊళ్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటారో ఆమెకు తెలుసు, అంటే ఏమీ మాట్లాడుకోరని తెలుసు. ఒకావిడ అక్కకి ఫోన్ చేసి ఐదు నిమిషాలు బంగాళాదుంపల దిగుబడి గురించి మాట్లాడి, ఇక పెట్టేయబోతూ "ఆఁ, అన్నట్టు, మా ఆయన పొద్దున పోయాడు" అంది. తీగ కలిపి వింటున్న హెల్వికి అందులో వింతేమీ కనిపించలేదు.

యాభై దాటాక భుజాలు మొరాయించాయి. పోలియో వచ్చిపోయిన నలభై ఏళ్లకి ఇలా మళ్లీ నీరసం, నొప్పి తిరగబెట్టడం చాలామందికి ఉంటుందని డాక్టర్లు అన్నారు. జుట్టు దువ్వుకోవాలంటే మోచెయ్యి బల్లకి ఆనించి తలే దువ్వెన దగ్గరికి తెచ్చుకునేది. ఇంటి వెనక వాగు గట్టున నాన్న కట్టిన ఆవిరిగది ఉంది. దానికి పదకొండు మెట్లు దిగాలి. శనివారం సాయంత్రం ఆ వేడిలో కూర్చుని ఒంటిమీద నీళ్లు పోసుకుంటేనే ఆమెకు వారం పూర్తయినట్టు. ఆ చలికాలం మెట్ల మీద చతికిలబడి ఒక్కో మెట్టూ జారుతూ దిగింది. ఎవరూ చూడలేదు కాబట్టి అది జరగనట్టే లెక్క.

భుజాలు పోతే చక్రాల కుర్చీ తప్పదు. చక్రాల కుర్చీ వస్తే మెట్ల ఇల్లు వదిలేసి, ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతల పట్నంలోని వికలాంగుల వసతిగృహంలో చేరాలి. అక్కడ ఆవిరి స్నానం మంగళవారం. గంట కొట్టి, పేరు పిలిచి, ఇద్దరు ఆడవాళ్లు ఎత్తి లోపల కూర్చోబెడతారు. హెల్వికి చావంటే అంత భయం లేదు గానీ ఆ మంగళవారమంటే నిజంగా భయం.

సరిగ్గా అలాంటి రోజుల్లో పట్నం ఆరోగ్యకేంద్రానికి రాజధాని హెల్సింకి నుంచి డాక్టర్ హెన్రీక లుందెల్ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, చకచకా నడిచే మనిషి, చకచకా మాట్లాడే మనిషి. వచ్చింది పరిశోధన కోసం. మా వైపు కీళ్లు సర్దే నాటువైద్యం ఒకటుంది. చుట్టుపక్కల అది తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు: ఒన్ని పెల్తొకంగస్, డెబ్బై నాలుగేళ్ల రైతు. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, కాలి బొటనవేలి దగ్గర మొదలుపెట్టి, కీలు కీలూ తడుముతూ మెల్లగా మెడ దాకా వస్తాడు. విరవడం, గుద్దడం లాంటివేమీ ఉండవు. గంటన్నర పడుతుంది.

డాక్టరమ్మ పాత పోలియో మనుషుల్ని ముప్పై రెండు మందిని పోగుచేసింది. చీటీలు తీసి సగం మందిని ఒన్నికి అప్పగించారు, సగం మందికి మామూలు వ్యాయామాలు. హెల్వి, కలెర్వో ఇద్దరూ ఒన్ని వాటాకి వచ్చారు. పన్నెండు వారాలు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి నొప్పి ఎంత ఉందో అంకెలో చెప్పాలి. తేడా కనిపిస్తే ఆరోగ్యకేంద్రం ఇద్దరు ఫిజియోథెరపిస్టులని రెండేళ్ల పాటు ఒన్ని దగ్గర పని నేర్చుకోవడానికి పంపుతుంది. కనిపించకపోతే పంపదు. కాఫీకప్పు పట్టుకుంటే ఒన్ని చేతులు అప్పటికే వణుకుతున్నాయి. వచ్చే ఏడు ఆకులు రాలే కాలానికి పని మానేస్తానని అందరికీ చెప్పేశాడు.

మొదలుపెట్టకముందే ఒక గొడవ వచ్చింది. ఆవిరిగదిలోంచి వచ్చిన ఒంటిని తప్ప ఒన్ని ముట్టుకోడు. డాక్టరమ్మ ససేమిరా అంది.

"అలాగైతే గుణం ఇచ్చింది వేడో మీ చేతులో ఎలా తెలుస్తుందండీ?"

"రెండూ ఒకటే కదమ్మా," అన్నాడు ఒన్ని.

"ఒకటే అయితే నేను దేన్ని కొలవాలి?"

ఒన్నికి ఈ ప్రశ్న అర్థం కాలేదు గానీ ఆడమనిషి అంత దూరం నుంచి వచ్చింది కదా అని ఒప్పుకున్నాడు. పన్నెండు వారాలూ "చల్లటి ఒళ్లు, చల్లటి ఒళ్లు" అని గొణుగుతూనే పనిచేశాడు.

మొదటిసారి అంకె చెప్పే రోజు హెల్వి కోటు తొడుక్కోవడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండుసార్లు గోడకి నుదురు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడింది. రెండు గంటల తర్వాత అదే హెల్వి డాక్టర్ హెన్రీక ఎదురుగా నిటారుగా కూర్చుంది.

"సున్నా అంటే అసలు లేదని. పది అంటే మీరు ఊహించగలిగినంత నొప్పి అని. మీ భుజాలకి ఎంతిస్తారు?"

హెల్వి నిజాయితీగానే ఆలోచించింది. సున్నా అంటే అబద్ధమవుతుంది, అబద్ధం ఆడే అలవాటు ఆమెకు లేదు. మూడంటే దేనికో చెయ్యి చాచినట్టుంటుంది. పదంటే ఊహించగలిగినంత అంటోంది ఈవిడ. ఆసుపత్రిలో ఇనుప గొట్టంలో పడుకుని, తల ఒక్కటే బయటికి పెట్టి, మిషను ఊపిరి పోస్తే బతికిన పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల ముందు తన భుజాలేపాటి?

"రెండు," అంది.

"రెండేనా?"

"రెండనే రాసుకోండి. అలవాటైపోయిందిలెండి."

హెన్రీక రాసుకుంది. ఆ ముఖంలో కాస్త నిరుత్సాహం కనిపించింది గానీ, హెల్వి దాన్ని పట్నం మనుషుల అలసట అనుకుంది.

వరండాలో కలెర్వో కూర్చుని ఉన్నాడు. ఇప్పుడతను ఇంజన్లు బాగుచేసే కలెర్వో. బట్టతల, పెద్ద నోరు. కాళ్లు రెండూ అంతంతమాత్రం కాబట్టి యాక్సిలరేటరు, బ్రేకు చేత్తోనే నడిపే ఏర్పాటున్న పాత కారు పెట్టుకున్నాడు. బస్సు వారానికి రెండు రోజులే కాబట్టి హెల్వి పట్నం రావాలన్నా పోవాలన్నా అతని కారే దిక్కు.

"ఎంత చెప్పావే?" అన్నాడు.

"నీకెందుకు? నువ్వెంత చెప్పావు?"

"ఒకటి."

"ఒకటా! వంగలేక పొద్దున్నే మేజోళ్లు పొయ్యి పటకారుతో తొడుక్కునేవాడివి, నీకు ఒకటా?"

"నొప్పుంటే పటకారుకి ఉండాలి, నాకెందుకుంటుంది?"

ఇద్దరూ నవ్వుకుంటూ కారెక్కారు.

ఒన్ని మొదటిసారి ఆమె భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు కదలకుండా ఉండిపోయాడు. "ఎవరమ్మా ఇక్కడ రాళ్లు పేర్చింది?" అన్నాడు. మూడు వారాలు ఏమీ తెలియలేదు. ఆరో వారంలో ఒక పొద్దున హెల్వి అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వుకుంటూ, చెయ్యి తల మీద దాకా లేచిందని సగం దువ్వాక గమనించింది. తొమ్మిదో వారంలో గ్రంథాలయంలో పై అరలో పుస్తకం పెట్టింది. పెట్టి, దాన్ని మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది. ఎవరూ లేరని చూసుకుని వెనక గదిలోకి వెళ్లి ఏడ్చింది. ఆ శనివారం పదకొండు మెట్లూ కర్రల మీద, మనిషిలాగా నిలబడి దిగింది. ఆవిరిగదిలో ఒంటరిగా కూర్చుని ఆమె పట్టరాని సంతోషంతో గట్టిగా నవ్వింది.

పన్నెండో వారం మళ్లీ అంకె. పాత అంకె గుర్తుచేయకూడదని నియమమట, అందుకని హెన్రీక దగ్గర పాత కాగితం లేదు. "ఇప్పుడెంత?" అంది. హెల్వి మళ్లీ నిజాయితీగా ఆలోచించింది. వాన పడితే కాస్త సలుపుంది, బరువు మోస్తే కాస్త ఉంది.

"రెండు," అంది, ఎంతో తృప్తిగా. ఈసారి అది నిజం.

మార్చిలో ఉత్తరం వచ్చింది. హెల్వి వంటింట్లో కూర్చుని చదివింది. సహకరించినందుకు కృతజ్ఞతలు. నాటువైద్యం తీసుకున్నవాళ్ల నొప్పి మొదట్లో సగటున రెండుకి తక్కువ, చివర్లోనూ రెండుకి తక్కువే. చెప్పుకోదగ్గ తేడా లేదు. అందువల్ల ఆరోగ్యకేంద్రం ఫిజియోథెరపిస్టులను శిక్షణకు పంపే ఆలోచన విరమించుకుంది.

మొదట హెల్సింకి మీద కోపం వచ్చింది. కొలవడం చేతకాని మనుషులు, ఇంత బాగైతే తేడా లేదంటారా అనుకుంది. ఉత్తరం రెండోసారి చదివింది. మూడోసారి చదువుతుంటే "మొదట్లో సగటున రెండుకి తక్కువ" అన్న చోట ఆగిపోయింది. తను చెప్పింది రెండు. కలెర్వో చెప్పింది ఒకటి. మిగతా పద్నాలుగు మందీ ఈ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. వాళ్లేం చెప్పి ఉంటారో ఎవర్నీ అడక్కర్లేదు.

ఒన్ని చేతుల్ని పనికిరానివని తేల్చింది హెల్సింకి కాదు. తామే తేల్చారు, తలా ఒక అంకె వేసి. పైగా హెల్వి రెండోసారి నిజం చెప్పి, మొదటిసారి చెప్పిన అబద్ధానికి తాళం కూడా వేసింది. ఎటు తిరిగినా బయటికి దారి కనపడలేదు. ఊరుకుంటే ఒన్నితో పాటే ఆ పని పోతుంది, ఏడాదో రెండేళ్లో గడిస్తే మంగళవారం గంట మోగుతుంది. నోరు తెరిస్తే, డాక్టరుతో అబద్ధమాడానని, అది కూడా నొప్పి గురించి ఆడానని ఒప్పుకోవాలి. నాలుగు రోజులు ఆమె ఫోన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేసింది.

ఐదో రోజు హెల్సింకికి ఫోన్ చేసింది.

"అక్కడ మంచు కరిగిందా డాక్టరమ్మా?"

"కరిగింది. మీరు బావున్నారా హెల్వి గారూ?"

"మా దగ్గర ఇంకా వాగు గట్టిగానే ఉంది. నిన్న కాస్త ఎండొచ్చింది."

"ఊఁ. ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

హెల్వి రిసీవరు చెయ్యి మార్చుకుంది. "ఆ మొదటి రోజు అంకె ఉంది చూశారూ... అది రెండు కాదు."

"మరి?"

పన్నెండేళ్లు ఇతరుల మౌనాలకి తీగలు కలిపిన మనిషికి తన మౌనం ఇంత పొడుగని తెలియదు.

"ఎనిమిది," అంది చివరికి.

"ఎనిమిదా! మరి రెండని ఎందుకు చెప్పారండీ?"

"మీరు అడిగారు కదా. అడిగితే అంతే చెబుతాం."

"మీరొక్కరేనా, అందరూనా?"

"నాకు తెలిసి అందరూ."

అటువైపు హెన్రీకకి కోపం ఆగలేదు. "అనుమతుల దగ్గర్నుంచి మూడేళ్ల పని హెల్వి గారూ! పదహారు మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు 'అమ్మా' అని మూలగలేదే!" అంది. ఆ తర్వాత ఆమే తమాయించుకుని విషయం చెప్పింది. రాసిన అంకెని దిద్దడానికి వీల్లేదు. అయితే, వెనక్కి తిరిగి చూసుకుని అప్పటి నొప్పి నిజంగా ఎంతో ఇప్పుడు చెప్పమని అడిగే పద్ధతి ఒకటుంది. అది మొదటి అంకె అంత గట్టి సాక్ష్యం కాదు. కానీ పదహారు మందిలో సగం మందైనా అలా చెబితే, పరీక్ష మళ్లీ జరపాలని ఆమె పోట్లాడగలదు. అందాకా ఆరోగ్యకేంద్రం తన నిర్ణయం ఆపుతుంది. ఇంకో ఏడాది పనిచేయమని ఒన్నిని బతిమాలుకోవచ్చు.

"ఏప్రిల్లో వస్తాను. అందర్నీ ఒకచోట కూర్చోబెడదాం. మీరు మొదట చెప్పండి. ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లకి ధైర్యం వస్తుంది."

ఇది హెల్సింకి తెలివి. మా దగ్గర ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లు తమ బూట్లు చూసుకుంటారు. హెల్వికి ఆ సంగతి బాగా తెలుసు.

"విడివిడిగా అడిగితే మంచిదేమో డాక్టరమ్మా."

"విడివిడిగా అడిగే కదండీ ఇంతదాకా వచ్చింది!"

హెల్వి సరేనంది.

ఏప్రిల్ రెండో బుధవారం. కారులో వెళ్తూ హెల్వి విషయమంతా కలెర్వోకి చెప్పింది. "ఈవేళ ఉన్నదున్నట్టు చెప్పు. నాకోసం కాకపోయినా ఒన్ని కోసం," అంది. కలెర్వో అంతా విన్నాడు. విని, కార్బురేటర్లో ఏదో చప్పుడొస్తోంది, వినిపిస్తోందా అని అడిగాడు.

ఆరోగ్యకేంద్రం మీటింగు గదిలో కాఫీ, ఏలకుల రొట్టె పెట్టారు. పదహారు మందిలో పద్నాలుగు మంది వచ్చారు. ఎవరూ పిలవకపోయినా ఒన్ని కూడా వచ్చి వెనక కుర్చీలో చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టర్ హెన్రీక సంగతంతా వివరించింది. తప్పు ఎవరిదీ కాదంది, ఇక్కడ చెప్పింది గదిలోనే ఉంటుందంది. చివర్లో హెల్వి వైపు చూసింది.

కూర్చుని చెప్పినా సరిపోయేది. హెల్వి కర్రలు సర్దుకుని లేచి నిలబడింది.

"మొదటి రోజు నేను రెండని చెప్పాను. అది అబద్ధం. నాకు ఎనిమిది. రాత్రి పక్క మీద ఒత్తిగిల్లలేకపోయేదాన్ని. కోటు తొడుక్కోవాలంటే గోడకి తల ఆనించి నిలబడేదాన్ని. ఆవిరిగదికి..." ఇక్కడ ఆగి ఒన్ని వైపు చూసింది. "మెట్ల మీద కూర్చుని పాక్కుంటూ దిగేదాన్ని. ఒన్ని చెయ్యి పడ్డాక నిలబడి దిగాను."

ఎవరో చెంచాతో కాఫీ కలిపారు. ఎవరో రొట్టెల పళ్లేన్ని పక్కవాళ్ల వైపు జరిపారు. హెల్వికి ఒంటి మీద బట్టలు లేకుండా నిలబడ్డట్టుంది.

అప్పుడు ఎస్తెరి మాట్లాడింది. డెబ్బై దాటిన మనిషి, నడుముకి తోలు పట్టీ. "హెల్విది మొదట్నుంచీ సుకుమారమే పాపం," అంది. ఎగతాళిగా అనలేదు, ప్రేమగానే అంది. అందుకే హెల్వికి మరింత తగిలింది.

"మీకెంత ఎస్తెరి గారూ, అప్పుడు?" అని అడిగింది హెన్రీక.

"నాకా? రెండు. చలి ఎక్కువుంటే రెండున్నర."

పక్కనున్నాయన రెండన్నాడు. ఆ పక్కావిడ ఒకటిన్నర అంది. తర్వాతి మనిషి అంకె చెప్పకుండా "చెప్పుకునేంత కాదు" అన్నాడు. ఒక్కో అంకె పడుతుంటే హెల్వి ఎనిమిది ఇంకా పెద్దదైపోతోంది, వికారంగా కనిపిస్తోంది. అందరికీ రెండైనప్పుడు ఒక్కదానికి ఎనిమిదంటే అది నొప్పి కాదు, గోల. వీళ్లలో ఒక్కొక్కరు ఎలా మెట్లెక్కుతారో, ఎలా మంచం దిగుతారో ఆమెకు తెలుసు. వాళ్లకీ ఆమె సంగతి తెలుసు. తెలిసి కూడా అందరూ కాఫీ తాగుతున్నారు. ఆమెకు వాళ్ల మీద అసహ్యం పుట్టింది, ఆ అసహ్యానికి సిగ్గేసింది.

కలెర్వో వంతు వచ్చింది. హెల్వి అతని వైపే చూసింది. అతను కాఫీ కెటిల్ వైపు చూశాడు.

"ఒకటి," అన్నాడు. "అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే. గట్టి సరుకు డాక్టరమ్మా, పాతకాలం తయారీ."

అందరూ హాయిగా నవ్వారు. గదిలో బిగుసుకున్న గాలి వదులైంది. హెల్వికి చెంపదెబ్బ తిన్నట్టయింది.

హెన్రీక కాగితాలు లెక్క చూసుకుంది. చాలా మెల్లగా మాట్లాడింది ఈసారి. "పదమూడు మంది రెండున్నర లోపే. ఒక్క ఎనిమిది. ఒక్క ఎనిమిదితో నేనేమీ చేయలేనండీ."

ఒన్ని లేచాడు. కాఫీ బాగుందని చెప్పాడు. తలుపు వైపు వెళ్తూ హెల్వి దగ్గర ఆగి, స్వెట్టరు మీదుగానే ఆమె కుడి భుజాన్ని రెండు వేళ్లతో తడిమి చూశాడు. "మళ్లీ పడుతున్నాయి రాళ్లు," అని వెళ్లిపోయాడు.

కలెర్వో కారెక్కడం పెద్ద తతంగం. ముందు కూర్చోవాలి, తర్వాత ఒక్కో కాలూ రెండు చేతులతో పట్టి లోపలికి ఎత్తి పెట్టుకోవాలి. హెల్వి కర్రల్ని ముందే వెనక సీట్లో పడేశాడు. ఆమె పక్కన కూర్చుని అద్దంలోంచి బయటికి చూస్తోంది, అతనితో మాట్లాడే ఉద్దేశం లేదు. కలెర్వో తాళం పెట్టాడు గానీ తిప్పలేదు.

"తొమ్మిది," అన్నాడు.

"ఏంటి?"

"నాది. మొదటి రోజు. తొమ్మిది. ఒన్ని చేతులు పడ్డాక నాలుగుకి దిగింది. ఇప్పుడు మళ్లీ ఆరు."

హెల్వి అతని వైపు తిరిగింది. "లోపలికెళ్లి చెప్పు," అంది. "ఆవిడ ఇంకా వెళ్లలేదు. అదిగో, కాగితాలు సర్దుకుంటోంది. వెళ్లు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నువ్వు చెబితే ఎస్తెరి చెబుతుంది. ఎస్తెరి చెబితే అందరూ చెబుతారు. నువ్వు ఒకటన్నావని కాదట్రా అందరూ నవ్వి ఊరుకుంది!"

"దిగాలంటే మళ్లీ కాళ్లు తీయాలే."

"తియ్యి!"

"అందరి ముందూ ఒకటన్నాను కదే హెల్వీ." అతని గొంతులో వేళాకోళం లేదు. "ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

హెల్వి చెయ్యి చాపి హారను నొక్కింది. నొక్కి పట్టుకుంది. భుజంలో చురుక్కుమంది, అయినా వదల్లేదు. పార్కింగులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఎస్తెరి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "ఏమే, పిచ్చా? అందరూ చూస్తున్నారు!" అని కలెర్వో ఆమె చెయ్యి లాగాడు. "చూడనీ," అంది హెల్వి. కోటైనా వేసుకోకుండా హెన్రీక పరుగెత్తుకొచ్చి కిటికీ దగ్గర వంగింది.

"ఏమైంది? ఎవరికైనా బాగోలేదా?"

"ఇతనికి తొమ్మిది," అంది హెల్వి. "ఇప్పుడే చెప్పాడు. మొదటి రోజు తొమ్మిది."

హెన్రీక కలెర్వో ముఖంలోకి చూసింది. ఆ చూపులో ఎంత ఆశ ఉందో హెల్వికి కూడా కనిపించింది. "నిజమేనా కలెర్వో గారూ? మీ నోటితో మీరు చెప్పాలి. ఒక్క మాట చాలు."

కలెర్వో ముందు అద్దంలోంచి నేరుగా చూస్తున్నాడు. నోరు ఒకసారి తెరుచుకుంది.

"హారన్ ఇరుక్కుపోయింది డాక్టరమ్మా," అన్నాడు. "పాత కారు. ఈవిడకి నా మీద ఎప్పుడూ జాలి ఎక్కువ, ఏవేవో అంటుంది. మీరు లోపలికెళ్లండి, చలిగా ఉంది."

తాళం తిప్పాడు.

పట్నం దాటారు. దిగిపోదామంటే కర్రలు వెనక సీట్లో ఉన్నాయి, శుక్రవారం దాకా బస్సు లేదు. పొలాల మధ్య రోడ్డు తిన్నగా సాగింది. పన్నెండో కిలోమీటరు దగ్గరో ఎక్కడో, పక్కన ముక్కు ఎగబీల్చిన చప్పుడైతే హెల్వి తిరిగి చూసింది. కలెర్వో ఏడుస్తున్నాడు. చప్పుడు లేకుండా, కళ్లలోంచి గడ్డం మీదికి, గడ్డం మీంచి కాలరు మీదికి ధారగా కారుతోంది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి బ్రేకు కడ్డీ మీద. తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు. కారు ఆపితే తుడుచుకోవచ్చు, కానీ ఎందుకాపాడో చెప్పాల్సి వస్తుంది. అతను ఆపలేదు.

హెల్వి ఒళ్లో సంచి ఉంది, సంచిలో రుమాలు ఉంది. తుడిస్తే ఆ తొమ్మిది మళ్లీ ఒకటైపోతుంది. ఆమె రెండు చేతులతో ఆ సంచిని గట్టిగా మూసి పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా అతని ముఖం వైపే చూస్తూ కూర్చుంది.